మందుల షాపు బోర్డు మీద శాతం, బిళ్ల మీద రూపాయి: ఒడిశా సరిహద్దు ఊళ్లలో మందుల ఖర్చు లెక్క

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం. ఈ ఊళ్లలో ఏ ఆసుపత్రి వీధిలోకి వెళ్లినా మందుల షాపుల బోర్డుల మీద ఒడియా అక్షరాల పక్కన ఒక అంకె మాత్రం ఎవరికైనా అర్థమయ్యేంత పెద్దగా ఉంటుంది: 10 శాతం, 15 శాతం, 20 శాతం తగ్గింపు. దానికి తోడు చైన్ షాపుల పాయింట్లు, ఫోన్‌కి వచ్చే కూపన్లు, ఆన్‌లైన్ మందుల యాప్‌ల సభ్యత్వాలు. నెలనెలా బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు కొనే ఇంటికి ఇందులో దేనివల్ల డబ్బు మిగులుతుందో తేల్చుకోవాలంటే ఒకే కొలత పనికొస్తుంది. అదే ఫార్ములా (లోపలున్న అసలు మందు), అదే మోతాదు ఉన్న ఒక్క బిళ్ల చేతికి వచ్చేసరికి ఎంత పడింది? శాతం ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. శాతం ఎప్పుడూ ముద్రించిన ధర మీద లెక్క. ఆ ముద్రించిన ధరే మందుకో రకంగా ఉంటుంది.

తగ్గింపు ఎక్కడినుంచి వస్తుంది

షాపువాడు ఇచ్చే తగ్గింపు అతని లాభంలోంచే రావాలి. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి జాతీయ ఔషధ ధరల సంస్థ గరిష్ఠ ధర కడుతుంది. ఆ లెక్కలో చిల్లర వర్తకుడికి కలిపేది 16 శాతం. జాబితాలో లేని కంపెనీ మందుల మీద చిల్లర షాపుకు దాదాపు 20 శాతం, హోల్‌సేలర్‌కు 10 శాతం మిగలడం ఈ వ్యాపారంలో పరిపాటి. అంటే పేరున్న కంపెనీ మందు మీద ఒంటరి షాపు 10 శాతం ఇస్తే తన లాభంలో సగం వదులుకున్నట్టు. అదే షాపు అన్నిటి మీదా 20 శాతం ఇస్తానంటే అద్దె, జీతాలు, కరెంటు బిల్లు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. పెద్ద చైన్ షాపులకు రెండు దారులున్నాయి. కంపెనీల దగ్గర నేరుగా, పెద్ద మొత్తంలో కొని హోల్‌సేల్ లాభం కూడా తామే ఉంచుకోవడం ఒకటి. తమ సొంత బ్రాండు మందును ముందుకు తోయడం రెండోది.

మూడో రకం మందు ఒకటుంది. డాక్టర్ల దగ్గరికి కంపెనీ మనిషి వెళ్లకుండా నేరుగా షాపులకే అమ్మే జనరిక్. దీని మీద ముద్రించిన ఎమ్మార్పీకీ షాపుకు పడే ధరకీ మధ్య దూరం చాలా ఎక్కువ. షాపువాడు సగం ధరకే ఇచ్చినా అతనికి కంపెనీ మందు కంటే ఎక్కువే మిగలొచ్చు. కొనేవాళ్లకు బోర్డు మీద 50, 60 శాతం కనబడుతుంది కాబట్టి ఇంతకంటే చవక లేదనిపిస్తుంది.

లెక్క కోసం కొన్ని అంకెలు వేసుకుందాం. ఒకే ఫార్ములా ఉన్న షుగర్ బిళ్ల. కంపెనీ మందు 15 బిళ్లల షీటు 120 రూపాయలు. 20 శాతం పోగా 96, బిళ్ల 6.40. షాపు జనరిక్ 10 బిళ్లల షీటు మీద ముద్ర 110. 60 శాతం పోగా 44, బిళ్ల 4.40. కేంద్ర ప్రభుత్వ చవక మందుల షాపు అయిన జన్ ఔషధి కేంద్రంలో 10 బిళ్లలు 20 రూపాయలు. తగ్గింపు ఏమీ లేదు, బిళ్ల 2 రూపాయలు. అన్నిటికంటే పెద్ద శాతం ఉన్నది మధ్యదానికి, అన్నిటికంటే తక్కువ ఖర్చు శాతమే లేని చివరిదానికి. షీటులో ఎన్ని బిళ్లలున్నాయో చూడకుండా షీటు ధరలు పోల్చడం కూడా ఇక్కడే బెడిసికొడుతుంది. 10, 15, 30 బిళ్లల షీట్లు పక్కపక్కనే ఉంటాయి. ధరను బిళ్లల సంఖ్యతో భాగించనిదే ఏది చవకో తేలదు.

సరిహద్దు దాటితే చవకా?

ఆంధ్ర వైపు ఇచ్ఛాపురం వెళ్తే తక్కువట, పాతపట్నంలో ఎక్కువ ఇస్తారట అనే మాటలు ఈ ప్రాంతంలో తరచూ వినిపిస్తాయి. ఎమ్మార్పీ దేశమంతటా ఒకటే, అన్ని పన్నులూ అందులోనే. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రానికో పన్ను అన్న తేడా కూడా పోయింది. కాబట్టి సరిహద్దుకు ఇవతల కొన్నా అవతల కొన్నా తేడా షాపు ఇచ్చే తగ్గింపులోనే తప్ప ముద్రించిన ధరలో ఉండదు. నెలకు 900 రూపాయల మందుల మీద 5 శాతం ఎక్కువ వస్తే మిగిలేది 45 రూపాయలు. బస్సుకో, ఆటోకో రానూపోనూ అంతకంటే ఎక్కువ అయితే ఆ ప్రయాణం మందుల కోసం చేయదగ్గది కాదు. వేరే పని మీద వెళ్లినప్పుడు తెచ్చుకుంటే అది వేరే సంగతి.

పన్ను సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ప్రాణాపాయ జబ్బులకు వాడే 33 మందుల మీద 12 శాతమూ పూర్తిగా ఎత్తేశారు. పన్ను కాక 100 రూపాయలుండే షీటు మునుపు 112, ఇప్పుడు 105. ఆ తేదీకి ముందు తయారైన షీటు మీద పాత ధర ముద్ర ఉండొచ్చు. కంపెనీలు సవరించిన ధరల జాబితాను షాపులకు ఇచ్చాయి, అమ్మాల్సింది ఆ ధరకే. షాపువాడు 112 మీద 10 శాతం తగ్గించి 100.80 తీసుకుంటే, అసలు ధర 105 మీద అతను ఇచ్చింది 4 శాతమే. 105 మీద 10 శాతం అంటే 94.50 కావాలి. తయారీ తేదీ పాతదైతే సవరించిన ధర ఎంతని అడగడం కొనేవారి హక్కు.

పాయింట్లు: ఎప్పుడు డబ్బు, ఎప్పుడు కాదు

చైన్ షాపుల్లో బిల్లు కౌంటరు దగ్గర రెండు రకాల ప్రతిపాదనలుంటాయి. ఇప్పుడే తగ్గింపు, లేదా ఫోన్ నంబరు మీద పాయింట్లు. పాయింట్ల శాతం ఎప్పుడూ కాస్త ఎక్కువగా కనబడుతుంది. దాని విలువ తేల్చడానికి నాలుగు సంగతులు కావాలి: ఒక పాయింటు ఎన్ని రూపాయలు, ఒక్క బిల్లులో ఎంతవరకు వాడుకోవచ్చు, ఎన్నాళ్లకు గడువు తీరుతుంది, మందుల మీద వాడనిస్తారా లేక సబ్బులు, పౌడర్ల మీద మాత్రమేనా.

నెలకు 1,200 రూపాయల మందులు కొనే ఇంటిని తీసుకోండి. ఇప్పుడే 15 శాతం తగ్గింపు అంటే నెలకు 180, ఏడాదికి 2,160 రూపాయలు. దాని బదులు 18 శాతం పాయింట్లు, ఒక బిల్లులో 10 శాతం వరకే వాడుకోవచ్చు అనుకుందాం. నెలకు 216 చేరతాయి, కానీ వాడగలిగేది 120. మొదటి నెల వాడటానికి ఏమీ ఉండదు కాబట్టి ఏడాదిలో 11 సార్లు, మొత్తం 1,320. మిగిలిన పాయింట్లు ఖాతాలో పేరుకుని గడువు తీరి పోతాయి. 18 కంటే 15 పెద్దదయింది. పాయింట్లు వాడిన బిల్లులో చెల్లించిన మొత్తానికే కొత్త పాయింట్లు ఇచ్చే పద్ధతి ఉంటే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. నెలనెలా తప్పనిసరిగా కొనే మందుకు నగదు తగ్గింపే మేలు. పాయింట్లు పనికొచ్చేది పసిపిల్లల డయాపర్లు, బలం పౌడర్లు, సబ్బులు కూడా అదే షాపులో కొని, పాయింట్లను నెల తిరక్కుండా ఖర్చుచేసే ఇంటికి.

ఒక జాగ్రత్త. ఫోన్ నంబరు చెప్పని పల్లె మనుషుల బిల్లు మీద కౌంటరులో ఉన్నవాళ్లు తమ నంబరో, తెలిసినవాళ్ల నంబరో వేసుకునే అవకాశం ఉంటుంది. బిల్లు మీద నంబరు చివరి అంకెలు అచ్చయితే చూసుకోవాలి. ఇంట్లో అందరి మందులూ ఒకే నంబరు మీద పడితే పాయింట్లు ఒకచోట చేరతాయి. ఆ సిమ్ మార్చే ముందు అవి వాడేసుకోవాలి. నంబరు ఇవ్వడం ఇష్టం లేకపోతే మందు అమ్మనని షాపు పట్టుబట్టకూడదు. నంబరు కోసం ఒత్తిడి చేయవద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే దుకాణాలకు సూచించింది. ఏ ఇంట్లో ఏ జబ్బుకు మందు వాడుతున్నారో ఆ నంబరు వెంటే నమోదవుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

కూపన్లలో రెండు ముళ్లు

మొదటిది కనీస బిల్లు. వెయ్యి లోపు 10 శాతం, వెయ్యి, ఆపైన అయితే 20 శాతం అనే షాపులో 850 రూపాయల బిల్లుకు చెల్లించేది 765. ఇంకో 150 రూపాయల సరుకు కలిపితే బిల్లు 1,000, చెల్లించేది 800. అంటే 150 రూపాయల సరుకు 35కే వచ్చింది. ఆ సరుకు ఎలాగూ కావలసిన ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దూది, బ్యాండేజీ, షుగర్ పరీక్ష స్ట్రిప్పులు అయితే అది నిజమైన లాభం. కౌంటరు పక్కన పెట్టిన మల్టీవిటమిన్ డబ్బా అయితే 35 రూపాయల నష్టం. ఆహార భద్రత సంస్థ లైసెన్సు మీద తయారయ్యే ఇలాంటి పౌడర్లు, విటమిన్ డబ్బాలు మందుల ధరల నియంత్రణ కిందికి రావు. ఒకటి కొంటే ఒకటి ఉచితం ఎక్కువగా వీటి మీదే కనబడటానికి కారణం అదే. కనీస బిల్లు అందుకోవడానికి అన్నిటికంటే మంచి మార్గం ఇంట్లో ఇద్దరి చీటీలను ఒకే రోజు, ఒకే బిల్లులో కొనడం. అత్తగారి బీపీ మందు 3వ తేదీన, మామగారి షుగర్ మందు 18న అయిపోతుంటే, ఒకసారి 15 రోజుల మందు మాత్రమే కొని రెండూ ఒకే తేదీకి తెచ్చుకోవచ్చు.

రెండోది గరిష్ఠ పరిమితి. 20 శాతం తగ్గింపు అని పెద్దగా రాసి, కింద చిన్న అక్షరాల్లో 100 రూపాయల వరకు అని ఉంటుంది. 500 బిల్లు వరకే అది 20 శాతం. 1,500 రూపాయల బిల్లుకు అదే 100 అంటే ఏడు శాతం కూడా కాదు. ఆన్‌లైన్ కూపన్లలో ఇది చాలా మామూలు. మొదటి ఆర్డరుకు మాత్రమే అన్న షరతు కూడా తోడుంటే తర్వాతి నెల అదే ధర ఉంటుందని అనుకోకూడదు. డెలివరీ, ప్యాకింగ్ చార్జీలు కలిపిన చివరి మొత్తాన్ని బిళ్లల సంఖ్యతో భాగించాకే కొనాలా వద్దా అనేది. రుసుము కట్టే సభ్యత్వాలకూ అదే లెక్క: మూడు నెలలకు 200 రూపాయలు కట్టి అదనంగా 5 శాతం పొందేవాళ్లు ఆ మూడు నెలల్లో 4,000 రూపాయల మందులు కొంటేనే కట్టిన డబ్బు వెనక్కి వస్తుంది.

చీటీ మీద పేరు మారితే ధర మారుతుంది

కూపన్లతో మిగిలేది పదో ఇరవయ్యో శాతం. చీటీ మీద బ్రాండు బదులు ఫార్ములా పేరు ఉంటే మిగిలేది అంతకు ఎన్నో రెట్లు. జన్ ఔషధి మందులు కంపెనీ మందుల కంటే 50 నుంచి 90 శాతం తక్కువ ధరకు దొరుకుతాయి. అయితే ఇక్కడ చాలామందికి తెలియని చట్టం ఒకటుంది. ఔషధ నియమావళి 65వ నియమం ప్రకారం షెడ్యూల్ హెచ్ మందుల (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి) చీటీలో డాక్టరు ఒక బ్రాండు రాస్తే, ఫార్మసిస్టు తనంతట తాను అదే ఫార్ములా ఉన్న ఇంకో మందు ఇవ్వకూడదు. బీపీ, షుగర్, గుండె మందుల్లో చాలా భాగం షెడ్యూల్ హెచ్‌వే. కాబట్టి చవక మందుకు దారి షాపు దగ్గర కాదు, డాక్టరు గది దగ్గరే మొదలవుతుంది.

రాయగడ, గుణుపురం, కోరాపుట్ వైపు తెలుగువాళ్లు పెద్ద జబ్బుకు విశాఖపట్నం వెళ్లడం అలవాటు. అక్కడి ఆసుపత్రి రాసిన బ్రాండు ఆ ఆసుపత్రి ఆవరణలోని షాపులో దొరుకుతుంది, ఊరికి తిరిగొచ్చాక దొరకదు. ఆ ఒక్క మందు కోసం మళ్లీ రైలెక్కేవాళ్లూ, కొరియరుకు డబ్బు కట్టేవాళ్లూ ఉన్నారు. చీటీ చేతికి తీసుకునేటప్పుడే "డాక్టరు గారూ, కంపెనీ పేరు పక్కన మందు అసలు పేరు కూడా రాయండి, మా ఊళ్లో దొరికింది కొనుక్కుంటాం" అని అడిగితే చాలు. జనరిక్ పేరుతో, అంటే మందు అసలు పేరుతో, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్యుల ప్రవర్తనా నియమావళికి 2016లో చేసిన సవరణే చెబుతోంది. అడగడంలో తప్పేమీ లేదు.

జన్ ఔషధి సుగమ్ యాప్‌లో ఆ అసలు పేరు కొడితే ధర, దగ్గరలోని కేంద్రం తెలుస్తాయి. కేంద్రానికి ఫోన్ చేసి సరుకు ఉందో లేదో కనుక్కుని బయలుదేరాలి, ఎందుకంటే ఈ కేంద్రాల అసలు లోపం ధరలో లేదు, సరుకు నిల్వలో ఉంది. నాలుగు మందుల్లో రెండు ఉండి రెండు లేకపోవడం మామూలే. ఉన్నవి అక్కడ కొని, లేనివాటికే చైన్ షాపు తగ్గింపు వాడుకోవాలి. ఆడపిల్లలున్న ఇంటికి అక్కడి సువిధ శానిటరీ ప్యాడ్లు ఒక్కోటి రూపాయికే వస్తాయి. ఏ కూపనూ ఆ ధరను అందుకోలేదు.

పేరు చూసి మందు మార్చుకునేటప్పుడు జరిగే పొరపాట్లు కొన్ని ప్రమాదకరమైనవి. మెట్‌ఫార్మిన్ 500 మామూలు బిళ్ల వేరు, మెల్లగా కరిగే ఎస్ఆర్ బిళ్ల వేరు. ఎస్-ఆమ్లోడిపిన్ 2.5 మి.గ్రా. దాదాపు ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా.కు సమానం, పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు ఇంకోటి అదే మోతాదులో మింగితే మోతాదు రెట్టింపో సగమో అవుతుంది. మెటోప్రొలాల్ సక్సినేట్ రోజుకోసారి వేసుకునేదైతే, టార్ట్రేట్ సాధారణంగా రెండుసార్లు. టెల్మిసార్టాన్ 40 అని ఉన్న షీటు మీద పక్కన 12.5 అని ఇంకో అంకె ఉంటే అందులో నీరు లాగే మందు కూడా కలిసి ఉంది. థైరాయిడ్‌కు వాడే లీవోథైరాక్సిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ విషయంలో బ్రాండు మారిస్తే డాక్టరుకు చెప్పి, తర్వాత రక్తపరీక్ష చేయించుకోవాలి. వీటిలో మోతాదు కొంచెం తేడా వచ్చినా ఒంటిమీద తెలిసిపోతుంది. బిళ్లకు రెండు రూపాయలు మిగుల్చుకోవడానికి ఎవరికివాళ్లు మార్చుకునే మందులు కావివి.

ఇవన్నీ కొనే మందుల లెక్కలు. కొనకుండా వచ్చేవీ ఉన్నాయి. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2015 నుంచి నిరామయ పథకం కింద మందులు ఉచితం. బరంపురం ఎంకేసీజీ, కోరాపుట్ సహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలల నుంచి జిల్లా ఆసుపత్రుల దాకా మందుల కౌంటర్లు ఉన్నాయి. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకున్నవాళ్లకు ఇది అందదనుకుని చాలామంది అటు వెళ్లనే వెళ్లరు. అక్కడ ఓపీ చీటీ తీసి, పాత చీటీ చూపించి, ఆసుపత్రి డాక్టరు చేత రాయించుకుంటే సాధారణ బీపీ, షుగర్ మందులు అక్కడే తీసుకోవచ్చు. 2025 నుంచి ఒడిశాలోనూ అమలవుతున్న ఆయుష్మాన్ కార్డు మీద ఆసుపత్రిలో చేరినవాళ్లకు ఇంటికి వచ్చాక 15 రోజుల మందులు కూడా ఆ ప్యాకేజీలోనే ఉంటాయి. డిశ్చార్జి రోజున అవి అడిగి తీసుకోకుండా బయట షాపులో కొనేస్తే కట్టక్కర్లేని డబ్బు కట్టినట్టే.

ఎన్ని కొనాలి

కొత్తగా రాసిన మందును తగ్గింపు వస్తుందని నెలకు సరిపడా కొనకూడదు. మోతాదు మారొచ్చు, ఒంటికి పడకపోవచ్చు. కత్తిరించిన షీటును, ఫ్రిజ్‌లో ఉంచే మందును షాపులు వెనక్కి తీసుకోవు. వారానికి సరిపడా ఏడు బిళ్లలు విడిగా అడగొచ్చు. విడిగా అమ్మినప్పుడు షీటు ధరను బిళ్లల సంఖ్యతో భాగించినదాని కంటే ఎక్కువ తీసుకోకూడదని ధరల ఉత్తర్వు 27వ పేరా స్పష్టంగా చెబుతోంది. 15 బిళ్లల షీటు 90 రూపాయలైతే ఏడు బిళ్లలకు 42 దాటకూడదు. కత్తిరించిన ముక్క మీద గడువు తేదీ, బ్యాచి నంబరు లేకపోతే అవి బిల్లు మీద రాయించుకోవాలి.

కుదురుకున్న మందును మాత్రం 10, 15 రోజులు అదనంగా ఉంచుకోవడం ఈ తీరాన అవసరం. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబర్‌లో తిత్లీ గజపతి జిల్లాను ముంచెత్తింది. తుపాను తర్వాత రోడ్లు తెగి, కరెంటు లేని రోజుల్లో మందుల షాపు తెరవాలి, సరుకు రావాలి. సెప్టెంబర్ నెలాఖరు కొనుగోలులో ఒక షీటు ఎక్కువ తీసుకుంటే ఆ రోజులు గడుస్తాయి. షీటు మీద గడువు నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు వరకు వాడొచ్చు. గడువు దగ్గరపడిన సరుకు మీద పెద్ద తగ్గింపు ఇస్తే, ఆ లోపు అయిపోతుందా అని రోజులు లెక్కపెట్టుకుని కొనాలి.

ఇన్సులిన్ ఈ లెక్కలకు లొంగదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు, కొండ దారుల్లో మూడు నాలుగు రోజులు తిరిగి వచ్చే పార్సిల్లో ఏప్రిల్, మే ఎండల్లో చెడిపోవచ్చు. చూడ్డానికి తేడా తెలియకపోయినా పని చేయదు. దాన్ని మాత్రం కూపన్ ఎంత వచ్చినా ఫ్రిజ్ ఉన్న ఊరి షాపులోనే, ఐసుతో తీసుకుని ఇంటికి రావడం మేలు.

బిల్లు లేకుండా ఇస్తే ఇంకో 5 శాతం అనే మాటకు ఒప్పుకోవద్దు. బిల్లు లేకపోతే బ్యాచి నంబరుకు రుజువు లేదు, మందు తేడాగా ఉంటే వెనక్కి ఇవ్వలేరు, బీమాకు పెట్టుకోలేరు. బిల్లులో మందు పేరు, బ్యాచి, గడువు, ఎమ్మార్పీ, తగ్గింపు, వాడిన పాయింట్లు వరుసగా ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోవాలి. నియంత్రణలో ఉన్న మందు గరిష్ఠ ధర ఎంతో ఫార్మా సహీ దామ్ యాప్‌లో తెలుస్తుంది. అంతకంటే ఎక్కువ తీసుకుంటే బిల్లు ఫొటో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.